ముందు గోడ, ఆ తర్వాతే తోరణం

చిరంజీవి శ్రావణికి,

అక్టోబరు సెలవుల్లో నలుగురు స్నేహితులు కలిసి యూటాలోని ఆర్చెస్ నేషనల్ పార్కుకి వెళ్తున్నామనీ, రెండు రోజుల్లో ఏ దారులు నడవాలో చెప్పమనీ అడిగావు. డెలికేట్ ఆర్చ్ ఒక్కటి చూస్తే చాలని మీవాళ్లు అంటున్నారట. చాలదమ్మా. దాన్ని చూడొద్దని నేననను, అన్నిటికన్నా ఆఖరున చూడమంటాను. అలా ఎందుకంటున్నానో తెలియాలంటే ముందు ఆ రాళ్ల సంగతి కొంచెం తెలియాలి.

మోయబ్ ఊరికి ఉత్తరాన ఐదు మైళ్ల దూరంలో ఉంది ఈ పార్కు. 1929లో జాతీయ స్మారకంగా ప్రకటించారు, 1971లో నేషనల్ పార్కు చేశారు. తిరుమల కొండమీద ఉన్న ఒక్క శిలాతోరణాన్నే మనం అబ్బురంగా చూస్తాం కదా, ఇక్కడ రెండు వేలకు పైగా ఉన్నాయి. రాతిలో రంధ్రం కనీసం మూడడుగులు ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు.

ఇన్ని ఒక్కచోటే పుట్టడానికి కారణం ఉప్పు. సుమారు ముప్ఫై కోట్ల ఏళ్ల కిందట ఇక్కడి సముద్రం మళ్లీ మళ్లీ ఎండిపోయి వేల అడుగుల మందాన ఉప్పు మిగిల్చింది. దానిమీద ఇసుకరాయి పొరలు పేరుకున్నాయి. ఆ బరువుకి ఉప్పు ఒకచోట నిలవలేక పక్కలకీ పైకీ జరిగింది. అది ఉబ్బిన చోట పైనున్న రాయి బారులు తీరినట్టు నిలువునా పగిలింది. పగుళ్లలోకి దిగిన నీరు వాటిని వెడల్పు చేసుకుంటూ పోతే మధ్యలో సన్నటి ఎత్తైన గోడలు మిగిలాయి. ఇసుక రేణువుల్ని పట్టి ఉంచే సున్నాన్ని వాన నీరు కరిగిస్తుంది. చలికాలంలో సందుల్లో నీరు గడ్డకట్టి, ఉబ్బి, పెచ్చులు రాలుస్తుంది. అలా గోడ అడుగున గుంట పడుతుంది, గుంట కాస్తా అవతలికి తెరుచుకుంటుంది, తెరుచుకున్నది పెరుగుతుంది, పెరిగి పెరిగి ఒకనాడు కూలిపోతుంది. అంటే తోరణమనేది గోడ జీవితంలో ఒక దశ మాత్రమే. మీ నడకలు కూడా ఆ వరసలోనే పెట్టుకోండి.

మొదటి రోజు ఉదయం పార్క్ అవెన్యూ. పైనుంచి రాతి మెట్లు దిగి ఎండిన వాగులో పడితే అవతలి రోడ్డు దాకా ఒక్క మైలే. ఒకరు కారు తీసుకుని ఆ చివర ఎదురుచూస్తే మళ్లీ ఎక్కే పని తప్పుతుంది. ఇక్కడ తోరణాలు కనిపించవు. రెండు పక్కలా నిటారు గోడలు, అంతే. తొందరపడకుండా ఒక గోడ దగ్గరికి వెళ్లి చెయ్యి ఆనించి చూడు. వేళ్లకి ఎర్రటి ఇసుక అంటుతుంది. ఈ పార్కులో ఉన్నవన్నీ ఆ రేణువులు ఊడిపోగా ఏర్పడినవే.

దారిలో బ్యాలెన్స్‌డ్ రాక్ దగ్గర ఆగండి. చుట్టి రావడానికి పది పదిహేను నిమిషాలు చాలు. మొత్తం ఎత్తు 128 అడుగులు. పైనున్న బండ గట్టి ఇసుకరాయి, కిందిది మెత్తటి మట్టి కలిసిన పొర. మెత్తటిది ముందు అరిగిపోతుంది కాబట్టే పైది తూచి నిలబెట్టినట్టు కనిపిస్తుంది. పక్కనే ఇలాంటిది చిన్నది ఇంకొకటి ఉండేది. 1975-76 చలికాలంలో కూలిపోయింది.

మధ్యాహ్నం విండోస్ అనే తోరణాల దగ్గరికి వెళ్లండి. అక్కడివన్నీ చిన్న నడకలే కాబట్టి నేను వివరించను. డబుల్ ఆర్చ్ కింద మాత్రం కాసేపు నిలబడండి. 112 అడుగుల ఎత్తుతో ఈ పార్కులోకెల్లా ఎత్తైన తోరణం అది.

రెండో రోజు తెల్లవారేసరికి డెవిల్స్ గార్డెన్ చేరుకోవాలి. పార్కు రోడ్డు అక్కడితో ఆగిపోతుంది. ఆలస్యమైతే కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు. నా లెక్కలో ఈ పార్కులో నడిచి తీరవలసిన దారి ఇదే. దాదాపు మైలు నడవగానే ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ వస్తుంది. ఈ చివరి నుంచి ఆ చివరికి 306 అడుగులు, ఉత్తర అమెరికాలో అంత పొడవైన తోరణం మరొకటి లేదు. నడుమ భాగం ఎంత సన్నగా ఉంటుందంటే, అది అలా ఎలా నిలిచిందా అనిపిస్తుంది. 1991 సెప్టెంబరులో దాని అడుగు నుంచి 60 అడుగుల పొడవైన పెచ్చు ఒకటి, నడవడానికి వచ్చినవాళ్ల కళ్లముందే ఊడి పడింది. అందుకే ఇప్పుడు దాని కిందికి పోనివ్వరు, కంచె ఇవతలే ఉండాలి.

అక్కడితో చాలామంది వెనక్కి తిరుగుతారు. మీరు ముందుకే వెళ్లండి. దారి ఒక గోడ వీపు మీదికి ఎక్కుతుంది. కొద్ది దూరంలోనే వాల్ ఆర్చ్ ఉండిన చోటు వస్తుంది. 2008 ఆగస్టులో ఒక రాత్రి అది కూలిపోయింది. ఇంకా ముందున్న డబుల్ ఓ ఆర్చ్‌కి వెళ్లేటప్పుడు ఒకచోట గోడ నెత్తి మీదే నడవాలి, రెండు పక్కలా లోతు. గాలి ఎక్కువగా ఉన్నా, రాయి తడిగా ఉన్నా అక్కడితో ఆగిపోండి. ఆ ఎత్తు నుంచి చూస్తే అలమరలో నిలబెట్టిన పుస్తకాల్లా గోడలు వరసగా కనిపిస్తాయి. ఉప్పు చేసిన పని మొత్తం ఒక్క చూపులో తెలుస్తుంది. డబుల్ ఓ దాకా పోయి రావడానికి నాలుగు మైళ్లు. అక్కడి నుంచి ప్రిమిటివ్ ట్రైల్ మీదుగా చుట్టి వస్తే దాదాపు ఎనిమిది మైళ్లవుతుంది. దారి గుర్తుపట్టడం కష్టం, జారుడు బండలున్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను వద్దంటాను.

మధ్యాహ్నం విశ్రాంతి తీసుకుని నాలుగింటికి డెలికేట్ ఆర్చ్‌కి బయల్దేరండి. పోను రాను మూడు మైళ్లు, దాదాపు ఐదు వందల అడుగుల ఎక్కుడు. మొదట్లోనే వుల్ఫ్ రాంచ్ అనే చిన్న దుంగల ఇల్లు కనిపిస్తుంది. జాన్ వెస్లీ వుల్ఫ్ అనే అంతర్యుద్ధ సైనికుడు 1898లో కొడుకుతో వచ్చి ఇక్కడ పశువుల్ని మేపాడు. ఆ పక్కనే రాతిమీద యూట్ తెగవాళ్లు చెక్కిన గుర్రపు రౌతులు, కొండగొర్రెలు ఉన్నాయి. చూడండి గాని చెయ్యి పెట్టకండి, చేతి జిడ్డు వాటిని చెరుపుతుంది. తర్వాతి దారంతా నున్నటి బండే, నీడ ఉండదు. దారి చూపడానికి అక్కడక్కడ రాళ్లు పేర్చి ఉంటాయి. వాటిని కదపొద్దు, సరదాకి మీరు కొత్తవి పేర్చొద్దు. వాటిని నమ్ముకుని నడిచేవాళ్లు దారి తప్పుతారు. చివర రెండు వందల గజాలు బండ అంచున నడిచి మలుపు తిరిగితే ఎదురుగా డెలికేట్ ఆర్చ్. 52 అడుగుల ఎత్తున ఒంటరిగా నిలబడి ఉంటుంది. చుట్టూ ఉన్న గోడంతా ఏనాడో పోయింది, మిగిలింది ఆ ఒక్కటే. పొద్దున్నించీ గోడల్ని చూసి వచ్చినవాళ్లకి అక్కడ పోయినదేమిటో కూడా కనిపిస్తుంది. అందుకే ఆఖరున చూడమన్నాను. తిరుగుదారిలో చీకటి పడుతుంది, తలకి కట్టుకునే లైటు ఒక్కొక్కరికీ ఉండాలి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. దారి పక్కన నేలమీద నల్లగా, బుడిపెలు బుడిపెలుగా పెళుసైన పొర కనిపిస్తుంది. అది మురికి కాదు, ప్రాణమున్న నేల. కంటికి కనిపించని సూక్ష్మజీవులు దారాలల్లి ఇసుకని పట్టి ఉంచుతాయి, మొక్కలకి నత్రజని అందిస్తాయి. ఒక్క అడుగు పడితే నుగ్గవుతుంది, కోలుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఫొటో కోసమైనా సరే దారి దిగకండి. నడిస్తే బండమీద, కాకపోతే వాగు ఇసుకలో.

డెలికేట్ ఆర్చ్‌కి ఒక్కొక్కరూ కనీసం రెండు లీటర్ల నీళ్లు మొయ్యాలి, డెవిల్స్ గార్డెన్‌కి ఇంకా ఎక్కువ. పార్కులో తిండి అమ్మరు. పులిహోరో, చపాతీలో మోయబ్‌లోనే కట్టుకోండి. అక్టోబరులో పగలు ఎండగా ఉన్నా తెల్లవారుజామున వణికిస్తుంది, స్వెట్టర్ మరవకు. రద్దీ నెలల్లో కొన్నేళ్లుగా ముందే సమయం బుక్ చేసుకుంటేగాని లోపలికి పంపలేదు. ఆ నిబంధన మారుతూ ఉంటుంది కాబట్టి బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఫైరీ ఫర్నేస్ అనే గోడల చిక్కుదారికి పర్మిట్ గాని, రేంజర్ వెంట వెళ్లే టికెట్ గాని కావాలి. దొరికితే విండోస్ మానేసి అక్కడికి వెళ్లండి. దొరక్కపోతే దిగులుపడకండి.

మీలో ఒకమ్మాయికి మోకాలి నొప్పి అన్నావు. పార్క్ అవెన్యూ దగ్గర కారు నడిపే పని ఆమెకి ఇవ్వండి. ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ దాకా దారి చదునే, అంతవరకు ఆమె హాయిగా రాగలదు. డబుల్ ఓకి మిగతా ముగ్గురూ వెళ్లండి.

ఇట్లు,
పెదనాన్న