కంతలు పడిన కంచె చేను మేస్తుందా?

వానాకాలం చివర డెంగీ జ్వరాలు మొదలయ్యాయంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో ఏ ఇంట విన్నా ఒకటే మాట: "ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి?" పాఠ్యపుస్తకంలో మీరు రక్తఫలకికలు అని చదువుకున్నవి ఇవే. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 1,50,000 నుంచి 4,50,000 వరకు ఉంటాయి. గాయమైన చోట గుమిగూడి రక్తం కారిపోకుండా బిరడా వేయడం వీటి పని. డెంగీలో తగ్గిన ఫలకికలు రోగి కోలుకుంటున్నకొద్దీ తిరిగి పెరుగుతాయి. అయితే కొందరు పిల్లల్లో ఏ దోమా కుట్టకుండానే ఇవి కొన్ని వేలకు పడిపోతాయి. వాటిని నాశనం చేసేది బయటి క్రిమి కాదు. ఆ పిల్లల సొంత రోగనిరోధక వ్యవస్థే! కంచే చేను మేయడమంటే ఇదే గదా.

ఇందులో మరొక చిత్రం ఉంది. ఇలాంటి పిల్లల్లో కొందరికి ఆ రోధక వ్యవస్థ పుట్టుకతోనే లోపించి ఉంటుంది. బయటి పశువును ఆపలేని కంతల కంచె లోపలి పైరును మాత్రం ఎలా మేస్తుంది? వైద్యులను చాలాకాలం తికమక పెట్టిన ప్రశ్న ఇది.

ముందు కంచె సంగతి చూద్దాం. తెల్లరక్తకణాలలో బి-కణాలు, టి-కణాలు అని రెండు ముఖ్యమైన జాతులున్నాయి. బి-కణాలు ప్రతిరక్షకాలనే ప్రోటీన్లను తయారు చేస్తాయి. ఇవి క్రిమికి అంటుకొని దానికి గుర్తు వేస్తాయి. ఆ గుర్తు చూసి భక్షక కణాలు క్రిమిని మింగేస్తాయి. మరి ప్రతిరక్షకాలు మన కణాలకే అంటుకుంటే?

జర్మనీ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిష్ 1900 ప్రాంతంలో మేకలతో ఈ విషయం పరీక్షించాడు. ఒక మేకకు ఇతర మేకల రక్తం ఎక్కిస్తే, దానిలో ఆ పరాయి రక్తకణాలను చీల్చే ప్రతిరక్షకాలు పుట్టాయి. సొంత కణాల జోలికి మాత్రం అవి పోలేదు. శరీరానికి తనను తాను విషంతో కొట్టుకోవడమంటే భయమని ఆయన భావించాడు. సాధారణంగా అది నిజమే. కాని ఆ ఏర్పాటు కొన్నిసార్లు విఫలమవుతుంది. 1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే యువ వైద్యుడు, ఫలకికలు పడిపోయిన ఒక రోగి రక్తాన్ని తన శరీరంలోకి ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లోనే ఆయన ఫలకికలు దాదాపు మాయమయ్యాయి, మూర్ఛ కూడా వచ్చింది. సుమారు వారానికి కోలుకున్నాడు. (అది మహా సాహసం. నేడు అలాంటి ప్రయోగానికి ఎవరూ అనుమతి ఇవ్వరు.) ఫలకికలను నాశనం చేసే పదార్థమేదో రోగి రక్తంలోనే ఉందని దీనితో రుజువైంది. ఆ పదార్థం ప్రతిరక్షకమే. ఇలాంటి దాడి ఎర్రరక్తకణాల మీద కూడా జరగవచ్చు. ఎర్రకణానికి ప్రతిరక్షకం అంటుకొని ఉందో లేదో చెప్పే పరీక్షను 1945లో ఇంగ్లండులో రాబిన్ కూంబ్స్, ఆయన సహచరులు కనుగొన్నారు. నేటికీ కూంబ్స్ పరీక్ష అనే పేరుతోనే దాన్ని చేస్తున్నారు.

ఇక కంతల సంగతి. 1952లో అమెరికా సైనిక వైద్యుడు ఆగ్డెన్ బ్రూటన్ తాను పరీక్షించిన ఎనిమిదేళ్ల బాలుడి సంగతి ప్రకటించాడు. వాడికి మాటిమాటికీ ప్రమాదకరమైన అంటురోగాలు వచ్చేవి. రక్తపు ప్రోటీన్లను విడదీసి చూస్తే ప్రతిరక్షకాలుండే భాగమే ఖాళీ! ఇతరుల రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాలను క్రమంగా సూదిమందుగా ఇస్తే బాలుడి పరిస్థితి మెరుగుపడింది. ఆ తరువాత పుట్టుకతో వచ్చే రోధక లోపాలు ఎన్నో బయటపడ్డాయి. నేడు వాటి సంఖ్య నాలుగు వందలు దాటింది.

ఈ రెండు కథలూ ఒకే బిడ్డలో కలవడం అరుదేమీ కాదు. ఫ్రాన్సులో రోధక లోపాలున్న 2,183 మందిని పరిశీలించి 2017లో ప్రకటించిన అధ్యయనంలో నాలుగో వంతుకు పైగా రోగులకు, సొంత శరీరంపై దాడి వంటి చిక్కులు కనిపించాయి. రక్తకణాలపై దాడి జరిగే అవకాశమైతే సాధారణ జనం కంటే కనీసం 120 రెట్లు ఎక్కువ!

కారణమేమిటి? రోధక వ్యవస్థ అంటే ఆయుధాలు మాత్రమే కాదు, వాటిని అదుపులో పెట్టే ఏర్పాటు కూడా. శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద దిగే బస్సును తలచుకోండి. దాని ఇంజను ఎంత ముఖ్యమో, బ్రేకు అంతకంటే ముఖ్యం. టి-కణాలకు బ్రేకు వేసే ప్రోటీన్లలో ఒకటి సి.టి.ఎల్.ఏ.-4. ఇతర టి-కణాలను శాంతింపజేసే నియంత్రక టి-కణాలకు ఇది చాలా అవసరం. (ఈ నియంత్రక కణాల పరిశోధనకే 2025 నోబెల్ వైద్య బహుమతి లభించింది.) ఆ ప్రోటీను జన్యువు దెబ్బతిన్న కుటుంబాలను 2014లో గుర్తించారు. వారిలో రెచ్చిపోయిన టి-కణాలు సొంత రక్తకణాల మీద దాడికి దారి తీశాయి. ఆ గందరగోళంలోనే బి-కణాలు సరిగా ఎదగక, పనికొచ్చే ప్రతిరక్షకాలు తగ్గిపోయాయి. అనగా కంత పడటమూ, చేను మేయడమూ ఒకే లోపానికి రెండు ముఖాలు.

ఒక విశేషం గమనించండి. బ్రూటన్ చూసిన తరహా లోపంలో బి-కణాలే దాదాపు ఉండవు. అందుకే అందులో ఇలాంటి దాడి తక్కువ. సగం పనిచేసే వ్యవస్థలోనే చిక్కంతా!

ఎల్.ఆర్.బి.ఏ. అనే మరో ప్రోటీను ఉంది. సి.టి.ఎల్.ఏ.-4 కణం లోపల వృథాగా నాశనం కాకుండా కాపాడటం దీని పని. ఇది లోపించాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యుప్రతులూ చెడినవే రావాలి. గద్వాల వైపు విత్తన పత్తి చేలల్లో మగ మొక్క పుప్పొడిని ఆడ పువ్వుకు అద్దడం మీరు చూసే ఉంటారు. (చూడటం వరకే. బడి మాని ఆ పనికి పోకూడదు.) అక్కడ విత్తనంలోకి రెండు వైపుల నుంచి జన్యువులు వచ్చినట్లే మనకూ వస్తాయి. మేనరికంలో భార్యాభర్తలకు ఒకే తాత నుంచి ఒకే చెడ్డ ప్రతి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. ఇద్దరిలోనూ అది ఉంటే, వాళ్లు ఆరోగ్యంగానే ఉన్నా, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదముంటుంది. సి.టి.ఎల్.ఏ.-4 సంగతి వేరు. ఒక్క ప్రతి చెడినా రోగం రావచ్చు, మేనరికంతో పనిలేదు.

గుర్తించడంలోనే అసలు కష్టం. ఎర్రకణాలు ఒక్కసారిగా చితికిపోతే వాటిలోని హిమోగ్లోబిన్ నుంచి పసుపు వర్ణకం ఎక్కువగా తయారై కళ్లు పచ్చబడతాయి. ఇంట్లో వాళ్లు పచ్చకామెర్లనుకొని పసరు మందుకు పరుగెత్తుతారు. కాని ఇక్కడ చెడింది కాలేయం కాదు. పసరు తాగుతూ గడిపిన నాలుగు రోజుల్లో రక్తం ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. ముఖం పాలిపోయి, ఆయాసపడుతూ, మూత్రం ముదురు రంగులో పోసే బిడ్డకు అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. చర్మం మీద సూదితో పొడిచినట్లు ఎర్ర చుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఫలకికలు లెక్కించాలి. అదే బిడ్డకు ఏడాదిలో పలుమార్లు న్యుమోనియా, చెవిలో చీము, విడవని విరేచనాలు కూడా ఉంటే, లేదా ఫలకికలూ ఎర్రకణాలూ రెండూ పడిపోతుంటే, ప్రతిరక్షకాల మోతాదు కొలిపించమని వైద్యుని అడగడం సబబు.

ఎందుకంటే చికిత్స మారుతుంది. మామూలుగా స్టెరాయిడ్లతో దాడిని అణచుతారు. అవి తగ్గిన రోధక శక్తిని ఇంకా తగ్గిస్తాయి. గుర్తు పడిన కణాలను ఏరి మింగే ప్లీహాన్ని తీసివేసే పద్ధతీ ఉంది. కాని రోధక లోపమున్నవారికి అది పోతే అంటురోగాల ప్రమాదం మరీ పెరుగుతుంది. స్విట్జర్లాండు వైద్యుడు పాల్ ఇంబాక్, ఫలకికల వ్యాధి ఉండి ప్రతిరక్షకాలు కూడా తగ్గిపోయిన ఒక బాలుడికి, ఆ కొరత తీర్చడానికి ఇతరుల ప్రతిరక్షకాలు ఎక్కించాడు. కొరత తీరడమే గాక ఫలకికలూ చరచరా పెరిగాయి! 1981లో ఆయన బృందం దీన్ని ప్రకటించింది. భక్షక కణాల నోళ్లు ఆ కొత్త ప్రతిరక్షకాలతో నిండిపోయి, ఫలకికలను పట్టే తీరిక వాటికి లేకపోవడం ఇందుకు ఒక కారణం. ఎల్.ఆర్.బి.ఏ. లోపానికి 2015లో ఇంకా తెలివైన మార్గం దొరికింది. అబటసెప్ట్ అనే కీళ్లవాతపు మందు నిజానికి సి.టి.ఎల్.ఏ.-4 ముక్కతో తయారైనదే. లేని బ్రేకును బయటి నుంచి అమర్చినట్లన్నమాట.

కొందరికి ఎముకల్లోని మూలుగ మార్పిడి శాశ్వత చికిత్స కాగలదు. 2021లో వచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో ఇలాంటి మార్పిడితో నయమయ్యే కొన్ని రోధక లోపాలు ఉన్నాయి. గుర్తించిన కేంద్రాల ద్వారా 50 లక్షల రూపాయల వరకు సహాయం పొందే వీలుంది. మనకు దగ్గరి కేంద్రం హైదరాబాదులోనే ఉంది. అక్కడ నిమ్స్ ఆసుపత్రి, జన్యుపరీక్షలు చేసే సి.డి.ఎఫ్.డి. సంస్థ కలిసి ఈ పని చూస్తున్నాయి.