కిరసనాయిలు స్టవ్వు సంరక్షణ - పాలకు వాసన పట్టకుండా జాగ్రత్తలు

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చిన తర్వాత మన పల్లెల్లో వంట చాలావరకు గ్యాసు మీదికి మారింది. అయినా కొన్ని ఇళ్ళలో కిరసనాయిలు స్టవ్వు ఇంకా అటక మీద ఉంది. సిలిండరు అయిపోయిన రోజున, చలి ముదిరిన పుష్యమాసంలో అది కిందికి దిగుతుంది. ఏడాదికి పది రోజులు వాడే వస్తువు కనుక దాని బాగోగులు ఎవరూ పట్టించుకోరు. చిక్కంతా అక్కడే వస్తున్నది.

పాడి పత్రికలో స్టవ్వు సంగతి దేనికని కొందరు అడగవచ్చు. పాలలోని వెన్న చుట్టుపక్కల వాసనలను ఇట్టే పట్టుకుంటుంది. అప్పుడే పితికిన గోరువెచ్చని పాలైతే మరీను. కేంద్రంలో క్యాను మూత తీయగానే ముందుగా చేసే పరీక్ష వాసన చూడడమే. లాక్టోమీటరుకు కిరసనాయిలు వాసన తెలియదు, ముక్కుకు తెలుస్తుంది. వాసన వచ్చిన 40 లీటర్ల క్యాను వెనక్కు వస్తే, అందులో ఒక సభ్యుడివి రెండు లీటర్లయితే మిగిలిన 38 లీటర్లు ఇరుగుపొరుగువారివి. ఆ పాలు బల్క్ కూలరులో కలిస్తే నష్టం ఎంతో వేరే చెప్పనక్కరలేదు. కాచినా, చల్లార్చినా ఆ వాసన పోదు.

ఇటువంటి ఫిర్యాదు వచ్చినప్పుడు తనిఖీలో నేను చూసినంతలో కల్తీ ఉద్దేశం ఎక్కడా కనిపించలేదు. ఒకచోట నూనె పోసిన గరాటుతోనే పాలు వంచారు. మరొకచోట స్టవ్వులో నూనె పోసిన చేతులను పమిటకు తుడుచుకుని గేదె దగ్గర కూర్చున్నారు. ఎక్కువ ఇళ్ళలో మాత్రం పాల బిందె, నూనె డబ్బా ఒకే గూట్లో ఉంటున్నాయి. కనుక నూనెకు వేరే గరాటు, వేరే చోటు ఉండాలి. పాలు పితికి కేంద్రానికి పంపిన తర్వాతనే స్టవ్వు ముట్టుకోవాలి. వాసన పట్టిన బిందెను చన్నీళ్ళతో తొలిస్తే లాభం లేదు. వేడినీళ్ళలో చాకలి సోడా కలిపి కడిగి, ఎండలో బోర్లించాలి. అప్పటికీ వాసన వస్తే ఆ బిందెను పాలకు వాడడం మానుకోవడమే మంచిది.

ఇక స్టవ్వు సంగతి. బాగున్న స్టవ్వు పెద్దగా వాసన కొట్టదు. వాసన వస్తున్నదంటే నూనె సరిగా కాలడం లేదని అర్థం. అటక మీది నుంచి దించిన స్టవ్వును వెంటనే వెలిగించరాదు. టాంకులో మిగిలిన పాత నూనె పసుపు రంగుకు తిరిగి ఉంటుంది, అడుగున నీరు చేరి ఉంటుంది. నీరు నూనె కన్నా బరువు కనుక పైకి కనబడదు, వెలిగించాక చిటపటలాడుతుంది. టాంకును పూర్తిగా వంచి, ఒక పూట ఎండలో ఆరనివ్వాలి. వంచిన నూనె తుప్పుపట్టిన బోల్టులు వదులు చేయడానికి పనికివస్తుంది. బావి దగ్గర, కుడితి తొట్టి దగ్గర పారబోయకూడదు.

తర్వాత వత్తులు చూడాలి. నూలు వత్తి కొస నల్లగా, గట్టిగా బిగుసుకుపోతే నూనె పైకి ఎక్కదు. ఆ గట్టి భాగం మేరకు కత్తెరతో సమంగా కత్తిరించి, అన్ని వత్తులనూ ఒకే ఎత్తుకు సర్దాలి. పది వత్తులలో ఒక్కటి పైకి ఉన్నా అది మసి కక్కుతుంది, గిన్నె అడుగు నల్లబడుతుంది. కొత్త వత్తి వేస్తే అరగంట సేపు నూనె పీల్చుకోనివ్వాలి. పొడి వత్తికి నిప్పు పెడితే వత్తే కాలిపోతుంది. టాంకు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా మండించినా అదే జరుగుతుంది.

వత్తుల చుట్టూ ఉండే చిల్లుల గొట్టాలను చాలామంది మరచిపోతారు. మంటకు గాలి అందేది ఆ చిల్లుల ద్వారానే. మసితో అవి మూసుకుపోతే మంట పసుపుపచ్చగా ఎగసి పొగ వస్తుంది. గొట్టాలు తీసి, పాత బ్రష్షుతో మసి దులిపి, ఒంకర లేకుండా తిరిగి కూర్చాలి. అప్పుడు మంట నీలంగా నిలుస్తుంది. వాసన ఎక్కువగా వచ్చేది వెలిగించేటప్పుడు, ఆర్పేటప్పుడు. ఆ రెండు పనులూ బయట, పాలకు గాలివాటు కాని చోట చేసుకోవాలి. నోటితో ఊదక, వత్తులు కిందికి దించి ఆర్పాలి.

పంపు స్టవ్వు ఉన్నవారు తోలు వాషరు ఎండిపోకుండా చూసుకోవాలి. మంట ఎగసిపడితే వెంటనే గాలి మర వదలాలి.

కిరసనాయిలు దొరకనప్పుడు కొందరు కొంచెం పెట్రోలు కలుపుతున్నారు. ఇది ప్రాణాంతకం. భారత ప్రమాణం ప్రకారం 35 డిగ్రీల లోపు కిరసనాయిలు ఆవిరి మంట సోకినా అంటుకోరాదు. పెట్రోలు ఆవిరి సున్నా డిగ్రీలకు ఎంతో దిగువనే అంటుకుంటుంది. కొంచెం కలిసినా స్టవ్వు బాంబుతో సమానం. మన ఎండాకాలంలో 35 దాటడం మామూలే కనుక అసలు కిరసనాయిలును కూడా నీడలోనే ఉంచాలి. మండుతున్న స్టవ్వులో నూనె పోయరాదు. నూనె అంటుకుంటే నీళ్ళు చల్లక ఇసుకగాని, తడిపి పిండిన గోనెపట్టాగాని కప్పాలి.

పాడేరు, అరకు మన్యంలోను, ఆదిలాబాదు వైపునను చలికి తలుపులు బిగించి గదిలో స్టవ్వు వెలిగించుకోవడం కద్దు. గాలి చాలని మంట నుంచి కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, మగతగా ఉండడం దాని గుర్తులు. నిద్రలో ఉన్నవారికి ఆ గుర్తులూ తెలియవు. గది వెచ్చబెట్టుకునేటప్పుడు కిటికీ కొంత తెరిచి ఉంచాలి, పడుకోబోయే ముందు స్టవ్వు తప్పక ఆర్పాలి. ఎవరైనా మగతగా కనిపిస్తే ముందు ఆరుబయటికి చేర్చి, 108కి ఫోను చేయాలి.

ఈనిన దూడ వణుకుతున్నదని కొట్టంలో స్టవ్వు పెట్టేవారూ ఉన్నారు. ఎండుగడ్డి మధ్య అది ఎంతమాత్రం తగదు. దూడ ఒళ్ళు పొడిగుడ్డతో తుడిచి, కింద మందంగా గడ్డి పరచి, గోనెపట్టా కప్పి, గంటలోపు జున్నుపాలు తాగించాలి. దాని బరువులో పదోవంతు జున్నుపాలు మొదటి రోజున విడతలుగా పట్టిస్తే ఒంట్లో వేడి పుడుతుంది.

నూనెను నీళ్ళ సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచకూడదు. పసిపిల్లలు దాహానికి తాగేస్తారు. అలా తాగిన బిడ్డకు వాంతి చేయించరాదు. వాంతితో నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి అపాయం పెరుగుతుంది. బిడ్డ బాగానే ఉన్నట్లు కనిపించినా సరే, ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.