ఆరు సిలిండర్ల ఇంజను వరుసదా, వీ ఆకారముదా? లాగు బలమును గూర్చి ఒక పాఠము

సంఘమున అప్పు తీసికొని బండి కొనదలచు రైతు మొట్టమొదట అడుగు ప్రశ్న, ‘దీని ఇంజను ఎన్ని గుర్రముల బలము?’ అని. గత మాసమున ఒక సభ్యుడు మరియొక ప్రశ్న వేసెను. ఆయన కుమారుడు అమెరికాలో నున్నాడు. బాటలేని నేలపై నడచు బండ్లకు ఆరు సిలిండర్లును ఒకే వరుసలో నున్న ఇంజను మేలా, మూడేసి చొప్పున రెండు పాయలుగా వీ ఆకారమున నున్నది మేలా అని అచ్చట పెద్ద తగవు కలదట. ‘వరుస ఇంజనే ఎక్కువ లాగునని మావాడు చెప్పుచున్నాడండి. అది నిజమైనచో ట్రాక్టరు కొనునపుడు మనమును ఇంజను ఆకారము చూడవలదా?’ అని ఆయన అడిగెను. కొనుటయు, వాయిదాలు కట్టుటయు ఆయనయే గనుక, దీనికి లెక్కతో బదులు చెప్పుట మా విధి యని తలచితిమి.

1. రెండింటి నిర్మాణము

వరుస ఇంజనులో సిలిండర్లు బంతిలో కూర్చున్నవారివలె ఒకదాని ప్రక్క నొకటి యుండును. క్రాంకు షాఫ్టు పొడవైనది. దానిని సాధారణముగా ఏడు బేరింగులు మోయును. ముందరి మూడు పిస్టనుల కదలికకు వెనుక మూడింటి కదలిక అద్దములోని నీడవలె సరిపడుటచేత, అదురు పుట్టించు బలములు ఒకదాని నొకటి కొట్టివేసికొనును. సిలిండరు తల ఒక్కటే, మరమ్మతు సులభము. దీని లోపము పొడవు.

వీ ఇంజను పొట్టిది. క్రాంకునకు నాలుగు బేరింగులు చాలును. చిన్న చోటున ఇమిడిపోవును. కాని తలలు రెండు కావలెను. అదురు నణచుటకు కొన్నిటిలో ప్రత్యేకముగా తూకపు షాఫ్టును చేర్చుదురు.

ఇంతవరకు చెప్పినది నునుపునకును, చోటునకును, మరమ్మతునకును సంబంధించినది. లాగుడు మాట ఇంకను రాలేదు. రెండింటను క్రాంకు రెండు చుట్లు తిరుగులోపల ఆరు మార్లే ఇంధనము మండును. తాను నిటారుగా నున్నదో, ఏటవాలుగా నున్నదో పిస్టనునకు తెలియదు.

2. ఒకే బండి, రెండు ఇంజనులు

జీప్ రాంగ్లర్ అను అమెరికా బండి ఈ తగవునకు మంచి సాక్షి. 2006 నమూనా వరకు దానిలో 4.0 లీటర్ల వరుస ఇంజను ఉండెను. 2007 నమూనాతో దాని స్థానమున 3.8 లీటర్ల వీ ఇంజను వచ్చెను.

వరుస ఇంజను: సిలిండరు వెడల్పు 98.4 మి.మీ., పిస్టను నడక 86.7 మి.మీ., 190 అశ్వశక్తి. టార్కు నిమిషమునకు 3,200 చుట్ల వద్ద 319 న్యూటన్ మీటర్లు.

వీ ఇంజను: వెడల్పు 96 మి.మీ., నడక 87 మి.మీ., 202 అశ్వశక్తి. టార్కు 4,000 చుట్ల వద్ద 321 న్యూటన్ మీటర్లు.

టార్కనగా త్రిప్పు బలము. ఎద్దు గానుగ మోకును ఎంత బలముతో త్రిప్పునో అది టార్కు. ఆ బలముతో ఎంత వడిగా తిరుగునో కూడ కలిపి లెక్కించినది అశ్వశక్తి.

వరుస ఇంజనులో పిస్టను నడక పొడవు గనుకనే అది లాగునని పలువురు చెప్పుదురు. పై అంకెలు చూడుడు. నడకలు రెండును ఇంచుమించు సమానము. గరిష్ఠ టార్కును సమానమే. భేదమెల్ల అది ఎన్ని చుట్ల వద్ద లభించుననుటలోనే యున్నది. ఎత్తెక్కునపుడు ఇంజను వడి తగ్గును. అట్టి వేళ 3,200 వద్దనే నిండుబలము నిచ్చునది డ్రైవరునకు హాయిగా నుండును. 4,000 కావలెననునది గేరు దింపుమని అడుగును. పైగా 2007 బండి మునుపటికంటె బరువైనది. కనుక పాతదాని నెరిగినవారికి క్రొత్తది బలహీనముగా తోచెను. ఆ తప్పును వారు ఆకారముపై మోపిరి.

అది న్యాయము కాదు. ఏ వడిలో బలము పుట్టునో నిర్ణయించునవి వాల్వులు తెరచు వేళలు, గాలి లోనికి వచ్చు దారులు, ఇంధనము, టర్బో మొదలగునవి. 2021లో వెలువడిన టొయోటా లాండ్ క్రూజర్ 300 బండి డీజిలు ఇంజను వీ ఆకారముదే, 3.3 లీటర్లది, టర్బోలు రెండు. 1,600 మొదలు 2,600 చుట్ల వరకు అది 700 న్యూటన్ మీటర్ల టార్కు నిచ్చును.

3. చక్రము వద్ద లెక్క

ఇంజను టార్కు చక్రమును చేరులోపల గేర్లచే హెచ్చింపబడును. రాంగ్లర్ రూబికాన్‌లో చేతిగేర్ల బండికి 2006లోను 2007లోను మొదటి గేరు 4.46, బాటలేని నేలకై ఉంచిన తక్కువ గేరు 4, ఇరుసు 4.10. మూడింటిని గుణింపగా సుమారు 73. అనగా ఇంజను 73 చుట్లు తిరిగిన చక్రము ఒక్క చుట్టు తిరుగును.

319 × 73 = 23,287. 321 × 73 = 23,433. చక్రపు కేంద్రమునుండి నేలకు దూరము సుమారు 40 సెంటీమీటర్లు. రాపిడి నష్టమును విడిచి లెక్కించిన, రెండు ఇంజనులును నేలపై 5,900 కిలోల బరువునకు మించిన తోపుబలము నీయగలవు. కాని ఖాళీ బండి బరువు రెండు టన్నులకు మించదు. టైరు నేలను పట్టు బలము, గట్టినేలపైనను, సాధారణముగా దానిపై నున్న బరువును మించదు. తడి రేగడిలో అందు కొంత భాగమే. కావున ఇంజను ఓడిపోవుటకు చాల ముందే చక్రము జారును. అచ్చట గెలుపోటములు టైరువే గాని సిలిండర్లవి కావు.

4. మనకు దీనివలన పాఠము

మన పొలములలోని ట్రాక్టర్లు చాలవరకు మూడు, నాలుగు సిలిండర్ల వరుస ఇంజనులవే. వానికిని ఇదే న్యాయము. దమ్ము చేయునపుడు ఇనుప చక్రములు తగిలించుటయు, టైర్లలో నీరు నింపుటయు పట్టు కొరకే. ముందర దిమ్మలు వ్రేలాడదీయుట ముందరి చక్రములు పైకి లేవకుండుటకు.

కొన్నియేండ్ల క్రిందట మేమును ఈ విషయమున పొరపడితిమి. అశ్వశక్తి అంకె చూచి ఒక సభ్యునికి పాత ట్రాక్టరును సిఫారసు చేసితిమి. వెనుక టైర్ల గళ్లు అరిగియుండుటను లెక్కచేయలేదు. తొలివాన పడిన నల్లరేగడిలో ఎరువు ట్రాలీతో అది ఇరుసువరకు దిగబడెను. ఇంజను ఆగలేదు, చక్రములు మాత్రము ఉన్నచోటనే గిరగిర తిరిగెను. టైర్లకై ఆయన మరల అప్పు చేయవలసివచ్చెను. ఆ రెండవ అప్పు మా మాటవలన కలిగినది.

కావున కొనబోవువారు ఈ క్రమమున చూడవలెను. మొదట టైర్ల గళ్లు, వాని వెడల్పు. పిదప వెనుక చక్రములపై పడు బరువు. మూడవది, మన పనికి తగిన నిదానపు గేరు ఉన్నదా అనునది. నాలుగవది, గరిష్ఠ టార్కు ఎన్ని చుట్ల వద్ద లభించునో. చుట్లు తక్కువైన కొలది మేలు. ఐదవది, విడిభాగములును మేస్త్రీయు దగ్గరలో దొరకుట. అశ్వశక్తి వీని తరువాత. ఇంజను ఆకారము అన్నిటికంటె కడపట.

ప్రశ్న వేసిన సభ్యునికి మా బదులు ఇది: మీ అబ్బాయి మెచ్చిన వరుస ఇంజను మంచిదే, నునుపుగా నడచును, మరమ్మతు సులభము. కాని లాగుడు ఆ వరుసవలన వచ్చినది కాదు. మీరు ట్రాక్టరు చూడబోవునపుడు తడినేలలో బరువుతో నడిపించి చూడుడు; టైర్ల గళ్ల లోతును కొలిచి, అప్పు దరఖాస్తుతోకూడ ఆ కొలతను వ్రాసి తెండు.