జ్వరం తగ్గింది, ఇక పనికి పోవచ్చా?

మన ఊళ్లలో మంచి పనివాడికి ఇచ్చే కితాబు ఒకటుంది. "జ్వరమొచ్చినా నాగా పెట్టడు" అంటారు. దుకాణం యజమాని అంటాడు, రీలింగ్ యూనిట్ సేటు అంటాడు, ఇంట్లో తండ్రి కూడా కొడుకు గురించి గర్వంగా అంటాడు. వైద్యుడికి మాత్రం ఈ మాట వింటే భయం వేస్తుంది. జ్వరంతో పనికి పోయినవాడు తన జబ్బును ముదరబెట్టుకుంటాడు, పక్కన కూర్చున్నవాడికి అంటిస్తాడు, సాయంత్రం ఇంటికి చేరి ముసలి తల్లిదండ్రుల పక్కనే భోజనానికి కూర్చుంటాడు.

కరోనా రోజుల్లో ఈ సంగతి మనందరికీ అర్థమైంది. ఆంక్షలు పోయాక అలవాటు మళ్లీ పాత దారి పట్టింది. ఏటా వానాకాలంలో, చలికాలంలో ఫ్లూ జ్వరాలు వస్తూనే ఉన్నాయి. కరోనా కూడా పూర్తిగా పోలేదు. అందుకే జ్వరం వచ్చినవాడు ఎన్నాళ్లు ఇంట్లో ఉండాలి, ఎలా తిరిగి పనిలోకి రావాలి అన్నది ఈ వారం తెలుసుకుందాం.

ఆంక్షలు ఎలా సడలాయి?

2020 మార్చిలో మన చిక్కబళ్లాపురం జిల్లాలో తొలి కేసులు గౌరిబిదనూరులో బయటపడ్డాయి. మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ వచ్చింది. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు, హోటళ్లు తెరుచుకోవడానికి అనుమతి దొరికింది. రెండో విడతలో 2021 ఏప్రిల్ 27 రాత్రి నుంచి కర్ణాటక మళ్లీ మూతపడింది. జూన్ 14 నుంచి మన జిల్లాలో మెట్టు మెట్టుగా సడలింపులు వచ్చాయి. ఫ్యాక్టరీలు 50 శాతం మందితో, గార్మెంట్స్ 30 శాతం మందితో నడపమన్నారు. 2022 మార్చి 31తో విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం పెట్టిన ఆంక్షలు ముగిశాయి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది.

ఇంట్లోనే ఉండి కోలుకునే రోగుల విషయంలోనూ సడలింపు ఇలాగే జరిగింది. 2020 మేలో 17 రోజులు విడిగా ఉండాలన్నారు, అందులో చివరి 10 రోజులు జ్వరం ఉండకూడదన్నారు. జూలైలో దాన్ని 10 రోజులు చేశారు. 2022 జనవరిలో 7 రోజులకు తగ్గించారు. అయితే ఒక్క విషయం గమనించండి. రోజుల లెక్క ఎంత తగ్గినా, చివరి 3 రోజులు జ్వరం ఉండకూడదన్న షరతును మాత్రం తీసేయలేదు. తేదీ వచ్చిందని కాదు, శరీరం కోలుకుందా అని చూడాలి. మన హకీములు చెప్పేదీ ఇదే.

నఖాహత్ అంటే ఏమిటి?

యునానీ వైద్యంలో రోగానికి 4 దశలు చెబుతారు. మొదలవడం ఇబ్తిదా, పెరగడం తజాయుద్, తారస్థాయికి చేరడం ఇంతిహా, దిగడం ఇన్హితాత్. సుమారు వెయ్యేళ్ల కిందట ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్' గ్రంథంలో ఈ దశలను వివరించాడు. ఇన్హితాత్ అయిపోగానే మనిషి ఆరోగ్యవంతుడు కాడు. నడుమ ఇంకో స్థితి ఉంది. దాని పేరు నఖాహత్. ఆ స్థితిలో ఉన్న మనిషి రోగీ కాడు, ఆరోగ్యవంతుడూ కాడు.

జ్వరంతో పోరాడి తబీఅత్, అంటే శరీరాన్ని నడిపించే సహజశక్తి, అలసిపోయి ఉంటుంది. ఆకలి సరిగా ఉండదు, కాళ్లు లాగుతాయి, చిన్న పనికే చెమట పడుతుంది. ఈ సమయంలో బరువు పెడితే జబ్బు తిరగబెడుతుంది. దీన్నే నుక్స్ అంటారు. వాన వెలిసిన మర్నాడే మడిలో బండి తోలితే చక్రాలు దిగబడతాయి కదా! వాన ఆగింది నిజమే, నేల ఇంకా ఆరలేదు.

ఇంగ్లీషు వైద్యులు కూడా వైరస్ జ్వరాల తర్వాత నీరసం కొన్నాళ్లు ఉంటుందని చెబుతారు. కరోనా తర్వాత నెలల తరబడి మిగిలే ఆయాసం, అలసట, మతిమరుపు వంటి బాధలకు 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేకంగా నిర్వచనం ఇచ్చింది. కాబట్టి జ్వరం దిగాక కూడా నీరసంగా ఉందన్నవాణ్ణి బద్ధకస్తుడని అనకండి.

పని ఆగదు, నిజమే

విశ్రాంతి తీసుకోమని చెప్పడం తేలిక. శిడ్లఘట్టలో పట్టుగూళ్లు కొన్న రీలరుకు గడువు తక్కువ. రోజులు దాటితే లోపలి పురుగు రెక్కలు తెచ్చుకుని గూడు తొలుచుకుని బయటికి వస్తుంది, ఇక ఆ గూటి నుంచి వరుసగా దారం రాదు. చింతామణి మండీకి వచ్చిన టమాటా కూడా ఎవరి జ్వరం తగ్గేదాకా ఆగదు. రోజుకూలీకి నాగా అంటే ఆ పూట పొయ్యి మీద ప్రశ్న. బాగేపల్లి నుంచి బెంగళూరు దారిలో పనికి పోయే పిల్లలకు మేస్త్రీ ఏమంటాడో అన్న భయం. వీటికి తోడు కరోనా రోజుల్లో పేరు బయటపడుతుందని, వీధివాళ్లు వేలెత్తి చూపుతారని జ్వరాన్ని దాచినవారూ ఉన్నారు. మాత్ర మింగి పనికి పోవడం వెనుక ఇన్ని కారణాలు ఉంటాయి.

ఇంకో పనిచోటు గురించి ఎవరూ మాట్లాడరు. అది వంటిల్లు. ఇంటి ఇల్లాలికి జ్వరం వస్తే సెలవు ఇచ్చేవారు ఎవరు? 102 డిగ్రీల జ్వరంతో రొట్టెలు చేసి, జ్వరం దిగిన రోజే బట్టలు ఉతికే అమ్మకు కూడా నఖాహత్ ఉంటుంది. ఆ నాలుగు రోజులు మగవాళ్లు, పెద్ద పిల్లలు వంటిల్లు చూసుకోవాలి.

యజమానులకు ఒక లెక్క

ఈ పత్రిక చదివేవారిలో దుకాణాలు, వర్క్‌షాపులు, రీలింగ్ యూనిట్లు నడిపేవారు చాలామంది ఉన్నారు. ఒక చిన్న లెక్క చూడండి. 6 మంది పనిచేసే షెడ్డులో ఒకడికి జ్వరం వచ్చింది. 3 రోజుల కూలి ఇచ్చి ఇంట్లో ఉండమంటే మీకు పోయేది 3 కూలీలు. అతను అలాగే వచ్చి మరో ముగ్గురికి అంటించి, ఒక్కొక్కరు 4 రోజులు పడుకుంటే 12 రోజుల పని పోతుంది. ఫ్లూ అయితే లక్షణాలు కనబడటానికి ఒక రోజు ముందు నుంచే అంటుకుంటుంది, మొదటి 3, 4 రోజుల్లో ఎక్కువగా అంటుకుంటుంది. కాబట్టి సెలవు ఇవ్వవలసింది మంచం పట్టాక కాదు, మొదటి రోజునే.

ఇది దయ మాత్రమే కాదు, చట్టం కూడా. కర్ణాటకలో దుకాణాలు, వాణిజ్య సంస్థల 1961 చట్టం ప్రకారం ఏడాదికి 12 రోజుల వరకు జబ్బు వంటి కారణాలకు జీతంతో సెలవు ఉంది. ఈఎస్‌ఐ ఉన్నవారికి అర్హత ఉంటే, డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం వస్తుంది. గార్మెంట్స్‌కు పోయే మీ పిల్లల జీతం చీటీలో ఈఎస్‌ఐ కోత ఉందేమో చూడండి. ఉంటే ఆ హక్కు వాడుకోమని చెప్పండి.

వబా ఉన్న ఊరికి పోవద్దు, ఉన్న ఊరిని విడిచి రావద్దు అన్న ప్రవక్త (స) బోధ మనకు తెలుసు. సిరియాలో ప్లేగు ఉందని విని హజ్రత్ ఉమర్ (ర) సర్గ్ దగ్గర నుంచి వెనక్కి తిరిగిన సంగతీ తెలుసు. పెద్ద వబాకు పాటించే ఆ జాగ్రత్తను మన దుకాణం గడప దగ్గర కూడా పాటించాలి.

తిరిగి పనికి పోయే ముందు

1. పారాసిటమాల్ వేసుకోకుండా కనీసం 24 గంటలు జ్వరం లేకుండా ఉండాలి. మాత్రతో దిగిన జ్వరం లెక్కలోకి రాదు. కరోనా అని తేలితే 7 రోజులు ఆగండి, అందులో చివరి 3 రోజులు జ్వరం ఉండకూడదు.

2. ఆకలి, నిద్ర, విరేచనం మూడూ సరిగా ఉన్నాయా చూసుకోండి. తబీఅత్ కోలుకుందనడానికి మొదటి గుర్తులు ఇవే.

3. ఇంట్లో మెట్లు ఎక్కి దిగండి, లేదా వీధి చివరిదాకా నడవండి. ఆయాసం, గుండెదడ లేకపోతే పనికి సిద్ధం.

4. మొదటి 2, 3 రోజులు సగం పనే చేయండి. బస్తాలు ఎత్తడం, రాత్రి షిఫ్టు వద్దు. ఫ్యాక్టరీలను సగం మందితో తెరిచినట్టే శరీరాన్నీ మెల్లగా తెరవాలి.

5. దగ్గు మిగిలి ఉంటే ముక్కు, నోరు కప్పే మాస్కు వాడండి. యునానీలో ఆరోగ్యానికి తప్పనిసరి అని చెప్పే 6 కారణాల్లో మొదటిది గాలి. ఆవిరితో నిండిన రీలింగ్ షెడ్డులో, ఏసీ గదిలో కిటికీలు కాసేపైనా తెరవండి.

ఏం తినాలి?

నఖాహత్‌లో జీర్ణశక్తి తక్కువగా ఉంటుంది. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు తినాలి. బార్లీ గంజి, పెసరపప్పు కిచిడీ, పలచని రాగి అంబలి, కొవ్వు తీసిన కోడి యఖ్నీ, దానిమ్మ మంచివి. జ్వరం దిగిందన్న సంతోషంలో వెంటనే బిర్యానీ, వేపుళ్ల జోలికి పోకండి.

గొంతు గరగర, పొడిదగ్గు ఉంటే జోషాందా ఉపశమనం ఇస్తుంది. 2020లో ఆయుష్ శాఖ సూచించిన కొలత ఇది: బిహిదానా 3 గ్రాములు, ఉన్నాబ్ 5, సపిస్తాన్ 9 కాయలు, 250 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి సగమయ్యేదాకా మరిగించి వడగట్టాలి. ఇది గొంతుకు హాయినిస్తుంది అంతే, వైరస్‌కు మందు కాదు. టీకాకు, ఆసుపత్రి వైద్యానికి బదులు కాదు. నీరసానికి ఖమీరా మర్వారీద్ వాడే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఖమీరాల్లో పంచదార పాకం ఉంటుంది కాబట్టి షుగరు ఉన్నవారు, గర్భిణులు హకీమును అడగకుండా వాడవద్దు.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, మాట తడబడటం, ఆక్సిజన్ 94 కంటే తగ్గడం వంటివి కనబడితే జోషాందాలు పెట్టుకుని కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం 3 రోజులు దాటినా, తగ్గి మళ్లీ వచ్చినా డాక్టరుకు చూపించండి. దగ్గు 2 వారాలకు మించితే ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ పరీక్ష ఉచితంగా చేస్తారు, తప్పక చేయించుకోండి. వృద్ధులు, షుగరు, ఉబ్బసం ఉన్నవారు ఇంట్లో ఉంటే మరింత జాగ్రత్త అవసరం.

ఇప్పుడు పోలీసు లేడు, పాసు లేదు, షట్టరు దించమనేవారు లేరు. మిగిలింది మనం పెట్టుకునే కట్టుబాటు ఒక్కటే. దుకాణం ఉన్నవారు ఈ వారమే మీ పనివాళ్లను పిలిచి ఒక్క మాట చెప్పండి: "ఒళ్లు వెచ్చబడితే రావద్దు, ఫోన్ చేయి చాలు. కూలి పోదు, పని పోదు." ఆ మాట నమ్మకంగా చెప్పి నిలబెట్టుకుంటే, ఏ హకీమూ రాయలేని మందు మీరు ఇచ్చినట్టే.