నా డ్రా ఆట: ఒక చిన్న పాఠం

మా ఇంట్లో చదరంగం రెండు భాషల్లో ఉంటుంది. తాత తెలుగులో నేర్పాడు, నాన్న తమిళంలో నేర్పాడు. రాజు పక్కనుండే పెద్ద బలం తాతకు మంత్రి, నాన్నకు రాణి. నాన్న మంత్రి అనేది మన శకటును! చిన్నప్పుడు "మంత్రిని కదుపు" అంటే ఏది కదపాలో తెలిసేది కాదు. ఈ పాఠంలో మాత్రం అన్నీ తాత మాటలే.

పోయిన నెల క్లబ్బులో నేను నల్లబలాలతో ఆడిన ఆట ఇది. ఆరంభం పేరు క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్. తెల్లవాళ్ళు డి4, తర్వాత సి4 బంట్లు తోస్తారు. మనం సి4ను అప్పుడే కొట్టకుండా డి5, ఇ6 బంట్లతో గట్టిగా నిలబడతాం. కానీ సి8లో ఉన్న మన శకటుకు ఆ ఇ6 బంటే అడ్డు. ఈ ఆరంభంలో నల్లవాళ్ళ పెద్ద కష్టం అదే.

దానికి కాపాబ్లాంకా పేరుతో ఒక దారి ఉంది. ముందు డి5 బంటుతో సి4ను కొట్టాలి. గుర్రాన్ని డి5కు తెచ్చి బలాలు మార్చుకోవాలి. ఇరుకు తగ్గాక ఇ బంటును ఇ5కు తోయాలి. నేను 12వ ఎత్తులో తోశాను. ఆ బంటు, గుర్రాలు మార్పిడిలో పోయాయి, దారి తెరుచుకుంది. 15వ ఎత్తులో నా శకటు ఇ6కు వచ్చింది. 1927లో బ్యూనస్ ఐరిస్‌లో కాపాబ్లాంకా, అలెఖైన్ ప్రపంచ పోటీ ఆడినప్పుడు 34 ఆటల్లో ఎక్కువ భాగం ఈ ఆరంభమే. అందులో 25 డ్రాలు.

24వ ఎత్తుకు మా ఇద్దరికీ ఒక్కో ఏనుగు, ఆరేసి బంట్లు మిగిలాయి. ఎదురుగా ఉన్న అక్క నాకన్నా బాగా ఆడుతుంది. నాకు చెయ్యి వణికింది. "డ్రా?" అని నేనే అడిగాను. ఆమె చెయ్యి కలిపింది.

ఇంట్లో తాత ఆ బలాలు పరిచి చూశాడు. "ఎందుకమ్మా నువ్వే అడిగినావు?" అన్నాడు. అప్పుడు లెక్కపెట్టాను. ఎ, బి, సి వరసల్లో నాకు 3 బంట్లు, ఆమెకు 2. అటువైపు ఆమెకు 4, నాకు 3. ఆట సమమే, కానీ అయిపోలేదు. నా మూడు బంట్లను నడిపి ఒకదాన్ని దాటించే ప్రయత్నం చేయొచ్చు. ఆమె అటువైపు అదే చేయొచ్చు. నేను ఆమె నాలుగు బంట్లనే చూశాను, నా మూడింటిని చూడలేదు.

డ్రా తప్పు కాదు. నేను అడిగిన కారణం తప్పు. బోర్డు చూసి అడగలేదు, మనిషిని చూసి అడిగాను. మీరు ఆడితే, డ్రా అడిగే ముందు రెండువైపులా బంట్లు లెక్కపెట్టండి. వచ్చే నెల ఆ అక్కతోనే మళ్ళీ ఆట ఉంది. నేనూ లెక్కపెడతాను.