చెల్లి విల్లు, నాన్న టేపు

మా ఇంట్లో నాన్నది తెలుగు, అమ్మది కన్నడ. చెల్లి అమ్మతో "నాకు బిల్లు కావాలి" అంటే పక్కనున్న నాన్న "ఏ షాపు బిల్లే?" అన్నారు. మన విల్లే కన్నడంలో బిల్లు. చెల్లి పీయూసీ చదువుతోంది, ఏడాదిగా విలువిద్య నేర్చుకుంటోంది. తెలిసిన ఒకాయన తన పాత కాంపౌండ్ విల్లు సగం ధరకు ఇస్తానన్నారు. కొత్తదైతే డబ్బు చాలదు. "పాతదే తీసుకుందాం, కాస్త పెద్దదైనా పెరిగేకొద్దీ సరిపోతుంది" అన్నారు నాన్న, స్కూల్ యూనిఫాం కొన్నట్టు.

విల్లు యూనిఫాం కాదు. ఎందుకో చెప్తాను.

మామూలు విల్లు లాగేకొద్దీ బరువెక్కుతుంది. కాంపౌండ్ విల్లుకు రెండు కొసల్లో క్యామ్‌లనే చక్రాలుంటాయి. 1960ల్లో అమెరికాలో హోలెస్ ఆలెన్ చేసిన ఉపాయం ఇది. సగం లాగేదాకా బరువు పెరిగి, చివరికొచ్చేసరికి ఒక్కసారిగా తగ్గిపోతుంది. 40 పౌండ్ల విల్లులో 75 శాతం తగ్గితే చేతిలో నిలిచేది 10 పౌండ్లే. అందుకే తొందర లేకుండా గురి చూడొచ్చు.

చిక్కంతా ఆ "చివర" ఎక్కడుందన్న దానిలోనే ఉంది. దాన్ని డ్రా లెంగ్త్ అంటారు, క్యామ్ దాన్ని నిర్ణయిస్తుంది. చేయి పొట్టిదని ముందే ఆగుదామంటే కుదరదు, అక్కడ బరువు ఇంకా దిగి ఉండదు. పొడవైన విల్లును బలవంతంగా చివరిదాకా లాగితే నారి దవడ దాటి వెనక్కి పోతుంది, వదిలినప్పుడు ముంజేతికి తగులుతుంది. అబ్బాయిల పాత విల్లులు అమ్మాయిలకు అంటగడితే జరిగేది ఇదే. తర్వాత "నీకు గురి లేదు" అని మాట పడేది అమ్మాయే!

కొలత సులువు. రెండు చేతులూ బారచాపి, ఈ వేలికొస నుంచి ఆ వేలికొస దాకా అంగుళాల్లో కొలిచి 2.5తో భాగించాలి. అది ఉజ్జాయింపు మాత్రమే, అసలు లెక్క కోచ్ చూసి చెప్పాలి. బరువు సంగతికొస్తే, కుర్చీలో కూర్చుని విల్లును ఆకాశానికెత్తకుండా లాగగలగాలి. పోటీల్లో 60 పౌండ్లు దాటకూడదు, కొత్తవాళ్లకు అందులో సగం చాలు. పొట్టి విల్లులు వేటకు చేసినవి. 50 మీటర్ల గురికి పొడవైనదే నిలకడగా ఉంటుంది.

ఇంకొకటి, మన పురాణవీరుల్లా నారి మీటి ధనుష్టంకారం చేయొద్దు. బాణం లేకుండా వదిలితే కాంపౌండ్ విల్లు విరిగిపోవచ్చు. షాపులో సరదాకైనా వద్దు.

విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో 150కి 149 కొట్టింది కాంపౌండ్ విల్లుతోనే. పదిహేను బాణాల్లో పద్నాలుగు పదులు, ఒక తొమ్మిది. ఆ క్రీడల్లో ఆమెకు మూడు స్వర్ణాలు. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ కూడా ఉంటుంది. అప్పటి నుంచి చెల్లికి నిద్ర లేదు.

చిక్కపేటలో మాది బట్టల కొట్టు, టేపుకు కొదవ లేదు. నాన్నే కొలిచారు. 63 అంగుళాలు. భాగిస్తే 25 పైచిలుకు. ఆ పాత విల్లు ఎంత తగ్గించినా 28 కంటే దిగదు. నాన్న రెండోసారి కొలిచారు, మళ్లీ 63. టేపు చుట్టి మెడలో వేసుకుని, "ఆయనకు ఫోన్ చేసి వద్దని చెప్పు, కొత్తదానికి దీపావళి దాకా ఆగుదాం" అన్నారు.