జల ఉషకు పెట్టె

చిరంజీవి మేనల్లునికి,

1948 మార్చి 14వ తేదీన విశాఖపట్టణమున నెహ్రూగారి చేతులమీదుగా జలప్రవేశము చేసిన ‘జల ఉష’ ఓడకు నీవు ఎనిమిది మాసములు శ్రమించి చేసిన నమూనాను హైదరాబాదు ప్రదర్శనమునకు పంపనున్నావని తెలిసి ఎంతయు సంతసించితిని, దాని చుట్టును దూది కూరి పంపెదనన్న మాట చదివి మాత్రము కలవరపడి, ఆ పని చేయవలదని చెప్పుటకే వెంటనే ఈ లేఖ వ్రాయుచున్నాను.

నీ వయస్సున నేనును అట్లే చేసితిని. తెరచాప ఓడ నొకదానిని దూదిలో పొదిగి రైలు పార్సెలులో పంపగా, అది చెక్కుచెదరక చేరినది. కాని దూదిపోగులు సన్నని త్రాళ్ళకు చిక్కుకొనుటచే, వెలికి తీయబోయినవారి చేతిలోనే రెండు తెరచాప కొయ్యలు ఊడివచ్చినవి.

నాయనా, ఓడకు బలమంతయు పొట్టలోనే యున్నది. బరువు నదియే మోయవలెను. కొయ్యలను, సరకులెత్తు దూలములను, అంచు కమ్ములను ఏ వస్తువును తాకరాదు. కావున ఓడను పీఠమునకును, పీఠమును పలుచని చెక్కపెట్టె అడుగునకును మరలతో బిగించి, పొట్టకు ఇరువైపుల దాని వంపునకు సరిగా కోసిన స్పాంజి ఆనింపుము. రంగునకును స్పాంజికిని నడుమ మెత్తని పలుచని కాగితముండవలెను. బుడగల ప్లాస్టిక్కు తగిలినచో ఎండవేడికి రంగుపై ముద్రలు పడును. పెట్టెకు పై మూత కంటె ప్రక్క తలుపు మేలు. పైనుండి దిగు చేయి ముందుగా కొయ్యలనే తాకును.

ఈ పెట్టెను అన్నివైపుల రెండంగుళముల సందుండునట్లు అట్టపెట్టెలో నుంచి, ఆ సందును స్పాంజితో నింపుము. క్రికెట్టు ఆటగాడు బంతిని పట్టునపుడు దానితోబాటు చేతులను వెనుకకు లాగుకొనుట చూచియున్నావు గదా! పెట్టె క్రిందపడినపుడు స్పాంజియు నలుగుచు, ఓడ ఆగుటకు వ్యవధి నిచ్చి తాకిడిని తగ్గించును. వ్రేలితో నొక్కిన లోనికి పోయి, తీసినంతనే పొంగునట్టిది కొనుము.

లంగరులు ఊడదీయ వీలైనచో తీసి, చిన్న సంచిలో పెట్టి చెక్కపెట్టె లోపలి గోడకు అంటింపుము. లోపల దొరలు లంగరు ఒక్కటి చాలును, తక్కినవన్నియు విరుగుటకు. తలుపు మూసిన పిదప చెవియొద్ద మెల్లగా ఊపి చూచి, ఏమాత్రము సడి వినబడినను విప్పి మరల కట్టుము.

అచ్చట పెట్టె తెరచువారు నీ ఓడను ఎన్నడును చూడనివారు. ఏ మర ముందు తీయవలెనో బొమ్మ గీసి తలుపుపై అంటించి, ఆ మరలకు సరిపోవు స్క్రూడ్రైవరును దాని ప్రక్కనే కట్టుము.

ఇట్లు,
మామయ్య